మూడో ఏడు కోతలో బందీలు

మా పక్క వాటాలో ఉండే వదిన ఒకరిని మోసం చేయడం నేను కళ్లారా చూశాను. ముప్పై ఒక్క ఏళ్ల పరిచయంలో అదే మొదటిసారి. జరిగింది అట్ట మీద, కొయ్య బిళ్లలతో. అయినా ఆ పూట నాకు కలిగిన దిగ్భ్రమ ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

నేను ఇరవై తొమ్మిదేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషిని. కృష్ణా జిల్లా నుంచి దిల్‌సుఖ్‌నగర్‌ వచ్చి స్థిరపడ్డాం. ఏ పని ఏ రోజు ఏ వేళకు జరిగిందో రాసి పెట్టుకోవడం నా అలవాటు. అందుకే ఇందులో అంకెలు ఎక్కువ కనిపిస్తాయి. వాటిని తీసేస్తే నాకు ఏం జరిగిందో చెప్పడం రాదు.

ఆట తయారు చేసింది నా మనవరాలు, మా అమ్మాయి కూతురు. దానికి ఇరవై ఆరేళ్లు. ఇక్కడే ఒక కోచింగ్‌ సెంటర్‌లో ఫిజిక్స్‌ చెప్పేది. జ్యేష్ఠ మాసంలో ఒక రోజు ఉద్యోగానికి వెళ్లి, మధ్యాహ్నం పన్నెండున్నరకే తిరిగి వచ్చి, "అమ్మమ్మా, మానేశాను. ఆట చేస్తాను" అంది. ఏ ఆట అన్నాను. "వ్యవసాయం, యుద్ధం కలిసిన ఆట" అంది. నేను పప్పు దింపడం మరిచిపోయాను, అడుగంటింది.

ఆ తరవాత అయిదు నెలలు మా నడిమి గది నిండా అట్టముక్కలే. ఆట ఇది. బల్ల మీద నాలుగు ఊళ్లు పరిచి ఉంటాయి. ఊరికి మూడు మళ్లు, ఒక గాదె. గాదెలో మొదట పది బస్తాల ధాన్యం. ఊరికి ఆరుగురు కూలీలు. ఒక్కో కూలీ ఒక గుండ్రటి కొయ్య బిళ్ల. దానికి ఒక వైపు కొడవలి బొమ్మ, రెండో వైపు కత్తి బొమ్మ. కొడవలి పైకి ఉంటే రైతు, తిప్పితే సైనికుడు. గేదెలే గుర్రపు దండు, కోడిపుంజు వేగు, పిడకలు ఫిరంగి గుండ్లు. సేనాపతి మాత్రం దిష్టిబొమ్మ. చిరుగుల చొక్కా, కుండ తలకాయ, మొహాన మీసం. ఆ మీసం మా ఆయన ఫొటో చూసి వేసిందని తరవాత తెలిసింది. అప్పుడు ఒక పూట దానితో మాట్లాడలేదు.

నియమాలు పుస్తకంలా రాసి నాకిచ్చి, లెక్క సరిచూడమంది. సరిచూశాను. వాన చీట్లు తీస్తే వాన ఒక్కో ఊరికి ఒక్కో వంతున వస్తుంది. వాన వచ్చిన ఊరు అప్పుడే నాట్లు వేయాలి. ఒక మడి నాటడానికి ముగ్గురు కావాలి. ఊరికి ఉన్నది ఆరుగురు. అంటే రెండు మళ్లే వేళకు పడతాయి. వేళకు పడిన మడి మూడు బస్తాలు ఇస్తుంది, ఆలస్యమైన మడి ఒక్కటే. మొత్తం ఏడు. ఆరుగురి తిండి ఆరు, విత్తనం రెండు, ఖర్చు ఎనిమిది. ఏటా ఒక బస్తా తరుగు.

"తిండి లెక్క తప్పు వేశావు. నాలుగు ఊళ్లకీ కలిపి పండేది ఇరవై ఎనిమిది, కావలసింది ముప్పై రెండు" అన్నాను.

"తప్పు కాదు అమ్మమ్మా. కావాలనే వేశాను."

"కావాలని ఆకలితో మాడుస్తావా?"

"అందరికీ సరిపోతే ఎవరు కొట్టుకుంటారు? వాన రాని ఊళ్ల కూలీలు ఖాళీగా ఉంటారు కదా. ఖాళీగా ఉన్నవాళ్లే కత్తి పడతారు. పక్క ఊరి గాదె మీద పడతారు."

నేను పెంచిన పిల్ల, చీమల బారు కనిపిస్తే దాటుకుని నడిచే పిల్ల, తాపీగా ఈ మాట అంది. నా చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

ఆటను అచ్చు వేయడానికి ఒక మనిషి దొరికాడు. ఎల్‌బీ నగర్‌లో మెయిన్‌ రోడ్డు వెనక సందులో ప్రెస్సు. పెళ్లి కార్డులు, క్యాలెండర్లు, మిఠాయి అట్టపెట్టెలు వేస్తాడు. ఆట చూసి ముచ్చటపడ్డాడు. అయిదు వందల పెట్టెలు తనే వేస్తానన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. ఎలా ఆడాలో తెలియని నలుగురు మనుషులు, రూల్సు తామే చదువుకుని, తొంభై నిమిషాల్లో ఆట ముగించాలి. చేసిన పిల్ల నోరు తెరవకూడదు. "మన ఇండ్లల్ల గంటన్నర దాటితే ఎవ్వరు కూసోరు బిడ్డా. ఒకరికి ఫోనొస్తది, ఒకరికి పొయ్యి మీద పాలు పొంగుతయ్‌" అన్నాడు. ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు.

కోచింగ్‌ సెంటర్‌ వాళ్లు మనవరాలి కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కార్తీక పున్నమి దాటాక వచ్చే సోమవారం కొత్త బ్యాచి మొదలు. వస్తుందో రాదో ఆ పొద్దున చెప్పాలి. ప్రెస్సు ఒప్పుకుంటే రానని చెబుతుంది. లేకపోతే అట్టముక్కలు అటక మీదికి పోతాయి, అది మళ్లీ బోర్డు ముందుకి పోతుంది. దాని ముఖంలో ఈ అయిదు నెలల్లో వచ్చిన వెలుగు నేను చూశాను. అంతకు ముందు మూడేళ్లు అది ఇంటికి ఎలా వచ్చేదో కూడా చూశాను. అందుకని ఆ సోమవారానికి ఎనిమిది రోజుల ముందు, ఆట పెట్టుకున్న ఆదివారం, నాకూ దడగానే ఉంది.

నియమాలు సరిచూశాను కాబట్టి నేను ఆడటానికి పనికిరాను. గడియారం నాకిచ్చారు. ఆడేది నలుగురు. ప్రెస్సు ఆయన, ఆయన భార్య, పై అంతస్తులో ఉండే రిటైర్డు ఇంజనీరు గారు, మా పక్క వాటా వదిన. వదినది తుర్కయంజాల్‌. పన్నెండో ఏట నుంచీ నాట్లు వేసిన మనిషి. డెబ్బై దాటినా, బియ్యం చాటలోంచి నాలుగు గింజలు కింద పడితే వంగి ఏరుకునే మనిషి. రోజూ పొద్దున్నే తనవి రెండు, మావి రెండు పాల పాకెట్లు తెచ్చి గుమ్మాల్లో పెట్టే మనిషి. ప్రెస్సు ఆయన భార్యది పెద్ద అంబర్‌పేట్‌ దగ్గర ఊరు. వయసు నలభై ఉంటాయి, చురుకైన పిల్ల. వచ్చీ రాగానే వదినను అత్తా అని, నన్ను పెద్దమ్మా అని పిలిచేసింది.

సాయంత్రం నాలుగూ పదికి ఆట మొదలైంది. అంటే అయిదూ నలభైకి ముగియాలి.

రూల్సు ఇంజనీరు గారు గట్టిగా చదివారు. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ప్రతి నియమానికీ "అంటే ఏంటంటే" అని ఆయన సొంత వివరణ ఒకటి. ప్రెస్సు ఆయన భార్య ఆవలిస్తూ, "సార్‌, జర జల్ది. గట్లయితే మా బర్రెలు ముసలివైతయ్‌" అంది.

మొదటి వాన ఆమె ఊరికే వచ్చింది. ఆరుగురినీ రెండు మళ్లలో పెట్టింది. మూడో మడి వైపు దిగులుగా చూసింది.

ఇప్పుడు వాన లేని మిగతా ముగ్గురూ కత్తులు తిప్పాలి. మనవరాలు వంటింటి గుమ్మంలో నిలబడి పెదవి కొరుకుతోంది. ఇంజనీరు గారు నిజంగానే తన ఆరుగురినీ కత్తి వైపు తిప్పి, దిష్టిబొమ్మను గట్టు మీద నిలబెట్టారు. వదిన మాత్రం తన బిళ్లలు మూడు తీసి, కొడవలి పైకే ఉంచి, ప్రెస్సు ఆయన భార్య మూడో మడిలో పెట్టేసింది.

"ఏంటండీ ఇది? దాడి చేస్తున్నారా?" అన్నారు ఇంజనీరు గారు.

"దాడి ఏంది సార్‌? ఆమె ఊర్ల వానొచ్చింది. నా మనుషులు ఉత్తగనే కూసున్నరు. బదులుకు పంపిన."

"బదులా? రూల్సులో అలా లేదే."

"వద్దని ఉన్నదా?"

ఇంజనీరు గారు పుస్తకం తిరగేశారు. వద్దని లేదు. పక్క ఊరి మడిలో కొడవలితో అడుగు పెట్టవచ్చని ఉంది. అది పంట దొంగిలించడానికి పెట్టిన నియమం. మడి నాటి పెట్టి రావడానికి ఎవరైనా వాడతారని నా మనవరాలికి తోచలేదు. సరిచూసిన నాకూ తోచలేదు. మా వైపు పొలాలు మాకుండేవి గానీ మేమెవరం మడిలో దిగినవాళ్లం కాదు. బదులు అనే మాట విన్నానే తప్ప అది ఎలా నడుస్తుందో నాకు తెలియదు.

ప్రెస్సు ఆయన భార్య ముఖం విప్పారింది. "అబ్బ, అత్తా! రేపు నీ ఊరికి వానొస్తే నా ముగ్గురు నీ కాడ ఉంటరు. మాట" అంది. భర్త వైపు తిరిగి, "గట్ల చూస్తవేంది? మల్ల వానకు నువ్వు గుడ పంపు" అంది. తరవాతి వానకు ఆయనా పంపాడు.

ఆ ఏడు ఆ మూడు ఊళ్లలో మూడేసి మళ్లు వేళకు నాటుకున్నాయి. ఒక్కొక్కరికి తొమ్మిదేసి బస్తాలు. ఖర్చు ఎనిమిది పోగా ఒకటి మిగులు. అయిదు నెలలు కూర్చుని కట్టిన కరువు ముగ్గురు మనుషులు తీసిన ముగ్గురేసి కూలీలతో మాయమైంది. నా నోట్‌బుక్‌లో అంకెలు చూస్తూ నేను నోరు తెరిచాను. కూలీల సంఖ్య మారలేదు, వాన మారలేదు, మడి మారలేదు. అయినా పంట పెరిగింది. ఇంత చిన్న కూడిక నాకెందుకు తట్టలేదో!

ఇంజనీరు గారు ఒంటరిగా దాడి చేశారు. పాచిక తిరగబడింది. ప్రెస్సు ఆయన గేదె ఒకటి దిష్టిబొమ్మను తొక్కేసింది. ఆ పైన రెండు ఊళ్ల ఆడవాళ్లూ చెరో పిడకల కుప్ప తెచ్చి ఆయన గట్టు మీద పెట్టారు.

"సార్‌, గమ్మున నాట్లేసుకోండ్రి. ముగ్గురిని నేను పంపాల్నా?" అంది వదిన.

"అక్కర్లేదండీ. నేను యుద్ధం ఆడటానికి వచ్చాను" అన్నారాయన, చిన్నబుచ్చుకుని.

రెండో ఏడూ అంతే. నాట్లకు బదులు, కోతలకు బదులు. మధ్యలో ప్రెస్సు ఆయన భార్య, వదిన తమ ఊళ్ల సంగతుల్లో పడ్డారు. ఎవరి మడిలో బురద ఎక్కువ, ఎవరు నాటేటప్పుడు పాట ఎత్తుకునేవారు, ఎవరి ఇంట అంబలి పలచన. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను గడియారం చూశాను. అయిదూ పన్నెండు.

ఆట ముగియడానికి రెండే దారులు. ఒక ఊరి కూలీలందరూ బందీలు కావాలి, లేదా ఎవరి గాదైనా ఖాళీ కావాలి. ఈ ముగ్గురి గాదెలు ఏటా పెరుగుతున్నాయి. ఇంజనీరు గారిది ఏటా ఒక్క బస్తా తరుగుతోంది. పది బస్తాలు అయిపోవడానికి పదేళ్లు పట్టాలి. ఒక్కో ఏడుకు ఇరవై నాలుగు నిమిషాలు పడుతోంది. మొత్తం నాలుగు గంటలు. గుమ్మంలో మనవరాలు అదే లెక్క వేసుకున్నట్టుంది, ముఖం పాలిపోయింది. నోరు తెరవకూడదు. నేనూ తెరవకూడదు. శాంతి వల్ల ఒక పిల్ల బతుకు ఇలా ఇరుకున పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అయిదూ ఇరవై ఎనిమిదికి మూడో ఏడు కోతలు వచ్చాయి. పంట చీట్లలో ఒకే ఒక్క చీటీ మీద బరువైన కంకి బొమ్మ ఉంటుంది. అది వచ్చిన ఊరికి దిగుబడి రెట్టింపు, పద్దెనిమిది బస్తాలు. కానీ కోయడానికి మనుషులూ రెట్టింపు కావాలి, పద్దెనిమిది మంది. ఆ చీటీ వదినకు వచ్చింది.

"అమ్మో! పద్దెనిమిది బస్తాలా!" అంది ప్రెస్సు ఆయన భార్య. "అత్తా, మేమందరం వస్తం. రేపు మాకు రా."

"రాకుంటనా బిడ్డా" అంది వదిన.

ప్రెస్సు ఆయన భార్య ఆరుగురు, ఆయన ఆరుగురు, పన్నెండు బిళ్లలు వదిన మళ్లలోకి వెళ్లాయి. అన్నిటికీ కొడవలి పైకి ఉంది. వదిన ఆరుగురితో కలిపి సరిగ్గా పద్దెనిమిది. నా లెక్క సరిపోయింది.

వదిన కళ్లద్దాలు సర్దుకుంది. "సార్‌, గా పన్నెండో రూలు ఇంకోసారి చదువుండ్రి" అంది.

ఇంజనీరు గారు చదివారు. తన మడిలో కొడవలితో ఉన్న పరాయి కూలీని, ఆ ఊరివాడు కత్తి తిప్పి బందీ చేసుకోవచ్చు. ఒక్కో కత్తికి ఇద్దరు.

వదిన తన ఆరు బిళ్లలనూ ఒకటొకటిగా తిప్పింది. తొందరపడలేదు. అప్పడాలు తిప్పినట్టు తిప్పింది. ఆరు కత్తులు. ఆరు రెళ్లు పన్నెండు.

"అందర్ని పట్టుకున్న" అంది.

ప్రెస్సు ఆయన భార్య బల్ల మీద తన ఖాళీ ఊరినే చూస్తూ ఉండిపోయింది. నేను వదిన ముఖం చూశాను. ఏ మార్పూ లేదు. పద్దెనిమిది బస్తాల పంట కోయకుండా పిచ్చుకల పాలైంది. నాలుగు గింజలు ఏరుకునే మనిషి ఆ పద్దెనిమిది బస్తాల వైపు కన్నెత్తి చూడలేదు.

"అత్తా, బదులుకు వచ్చినోళ్లను పట్టుకుంటవా?" అంది ప్రెస్సు ఆయన భార్య చివరికి. "కోతకు పిలిచి పట్టుకుంటవా? మా ఊర్ల ఎవ్వలన్న గిట్ల చేస్తే మల్ల ఏడు వాని మడిల ఒక్కరు దిగరు, ఎరికేనా?"

"మల్ల ఏడు లేదు కద బిడ్డా. ఆట అయిపోయింది."

"శభాష్‌!" అన్నారు ఇంజనీరు గారు. ఆయన ఒక్కరే మొదటిసారి సంతోషంగా కనిపించారు.

తరవాత గొడవ. బందీలు అయ్యేది కోత ముందా, తరవాతా? నాటిన ముగ్గురిలో ఎవరి బదులు ఇంకా తీరలేదు? తీరని బదులు ఉన్నవాడిని బందీ చేయవచ్చా? ప్రెస్సు ఆయన రూల్సు పుస్తకం లాక్కున్నాడు, ఇంజనీరు గారు వదల్లేదు, అట్ట చిరిగింది. వదిన గెలుపు ఖాయమని అందరూ ఒప్పుకున్నాక, ప్రెస్సు ఆయన నా వైపు తిరిగి, "ఎంతసేపైంది పెద్దమ్మా?" అన్నాడు.

అయిదూ నలభై ఆరు. మనవరాలు నా వైపు చూసింది. అడగలేదు. నేను ఎన్నడూ అబద్ధపు అంకె చెప్పలేదు.

"తొంభై ఆరు నిమిషాలు" అన్నాను.

"ఆరు నిమిషాలు లొల్లిలనే పోయినయ్‌. గది నేను పట్టించుకోను" అన్నాడు ఆయన. మా ప్రాణాలు లేచి వచ్చాయి. కానీ భార్య లేచి నిలబడింది.

"నువ్వు పట్టించుకోకుంటే నేను పట్టించుకుంట. గిసొంటి ఆట అచ్చేసి ఇండ్లల్ల ఇస్తవా? అత్తాకోడండ్లు ఆడితే ఏమైతది? వద్దు."

నేను తెచ్చిన టీ ఆమె తాగలేదు. బొట్టు పెట్టబోతే పెట్టించుకుంది గానీ వదిన వైపు చూడలేదు. ఆయన మెట్లు దిగుతూ మనవరాలితో, "ఇంట్ల ఒప్పుకోకుంటే నేనేం చెయ్యలే బిడ్డా" అన్నాడు.

మనవరాలు ఏడవలేదు. బిళ్లలు ఏరి డబ్బాలో వేసింది. ఇరవై నాలుగు ఉన్నాయా అని లెక్క చూసుకుంది. ఉన్నాయి.

నేను వదిన వాటాకు వెళ్లాను. ఆమె గుమ్మం ముందు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. నా మనసులో ఒక సమాధానం సిద్ధంగా ఉంది. వేళ మించిపోతోందని ఆమెకూ తెలుసు, పిల్ల కోసమే ఆట ముగించి ఉంటుంది, అది బెడిసికొట్టింది, అంతే.

"పిల్ల కోసం చేశావు కదూ వదినా?"

"పిల్ల కోసమా?" ఆమె కాయ విరవడం ఆపి నన్ను చూసింది. "లేదు వదినె. పన్నెండు మంది ఒక్కతాన కనవడేసరికి చేతులు ఆగలే. గెల్వాలె అనిపించింది."

"అంతేనా?"

"అంతే. చిన్నప్పటి సంది అందరి మడిల దిగిన. ఎన్నడన్న గెలిచిన్నా?"

ఆ వారమంతా నేను ఊరుకోలేదు. గుమ్మంలో పాల పాకెట్లు అందుకుంటూ, మేడ మీద బట్టలు ఆరేస్తూ, చంపాపేట్‌ మార్కెట్‌కు ఆటోలో వెళుతూ, నమ్మి వచ్చిన మనిషిని పట్టుకోవడం ఎంత అన్యాయమో ఆమెకు చెబుతూనే ఉన్నాను. నా లెక్కన పదకొండుసార్లు చెప్పాను. ఆమె ప్రతిసారీ "అవు వదినె, తప్పే" అంది. పశ్చాత్తాపం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

గురువారం ఉదయం పదీ ఇరవైకి మనవరాలి ఫోను మోగింది. ప్రెస్సు ఆయన భార్య. స్పీకర్‌లో పెట్టింది.

"మేడం, నా ఆరుగురు కూలోళ్లు గా అత్త కాడనే ఉన్నరు. అన్నం తింటుంటే గదే యాదికొస్తుంది. ఆదివారం మా ఇంటికి రాండ్రి, అత్తను తోల్కరాండ్రి. మా తోడికోడలు గుడ ఆడుతదట. పెద్దమ్మ గుడ ఆడాలె, ఊకె గడియారం పట్టుకుని కూసుంటే కాదు."

ఆ ఆదివారం తెల్లవారితే సోమవారం. కొత్త బ్యాచి మొదలు.

ఎల్‌బీ నగర్‌లో వాళ్ల ఇల్లు ప్రెస్సు పైనే. ముందు గదిలో చాప పరిచి ఉంది. ప్రెస్సు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఆడేది నలుగురం ఆడవాళ్లం. ఆమె, ఆమె తోడికోడలు, వదిన, నేను. మనవరాలు గోడకు ఆనుకుని కూర్చుంది.

మొదటి వాన తోడికోడలికి వచ్చింది. ఎవరూ బిళ్ల కదపలేదు. అందరం వదిన వైపు చూశాం.

"నా వైపెందుకు చూస్తున్నరు?" అంది వదిన.

"నమ్మకం లేదత్తా" అంది ప్రెస్సు ఆయన భార్య. "అయితే బదులు లేకుంటే కడుపు నిండదు. ఒక పని చేద్దాం. ఎవ్వరు మనుషులను పిలిస్తే వాళ్లు ఒక బర్రెను కుదువ పెట్టాలె. బదులు మంచిగ తీరితే బర్రె వాపస్‌. పట్టుకుంటే బర్రె పోయినట్టే."

"ముగ్గురికి ఒక బర్రె" అంది తోడికోడలు. "ఆరుగురికి రెండు."

రాయని నియమం అలా పుట్టింది. మనవరాలు చటాలున నిటారుగా కూర్చుని, అరచేతి మీదే రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆట వేడెక్కింది. నాట్లు వేస్తూనే గేదెలు చేతులు మారాయి. గేదె వాపసు ఇచ్చేటప్పుడు "కొమ్ము ఇరగ్గొట్టినవా?" అని ఒకరు, "పాలు పిండుకున్నవా?" అని ఇంకొకరు. ప్రెస్సు ఆయన భార్య కోడిపుంజును పంపి వదిన గాదె చూసొచ్చింది. వదిన ఆ పుంజును పట్టి కూర వండానంది. పక్కిళ్లవాళ్లు ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, తరవాత లోపలికే వచ్చి మా భుజాల మీదుగా వంగి సలహాలు చెప్పసాగారు.

మూడో ఏడు కోతలో బరువు కంకి చీటీ ఈసారి నాకు వచ్చింది. నాకు ఆరుగురు ఉన్నారు, ఇంకా పన్నెండు మంది కావాలి. వదిన ఆరుగురినీ పంపింది, తోడికోడలు ఆరుగురినీ పంపింది. నేను నాలుగు గేదెలు కుదువ పెట్టాను.

పెట్టాక నా బుర్ర తనంతట తానే లెక్క వేసింది. గేదె నాలుగు బస్తాల పెట్టు. నాలుగు గేదెలు పోతే పదహారు. కోయని పంట పద్దెనిమిది. మొత్తం నష్టం ముప్పై నాలుగు. కానీ వదిన ఊరు ఖాళీ. ఆట అయిపోతుంది. ఆట అయిపోయాక ముప్పై నాలుగు బస్తాలు ఎవరికి కావాలి?

వదిన నా ఎదురుగా కూర్చుని ఉంది. నేను వారమంతా పాఠం చెప్పిన మనిషి. నా చేతి వేళ్లు ముందుకు వెళ్లాయి. నేను పంపినట్టు లేదు, వెళ్లాయి. మొదటి బిళ్ల తిరిగింది. రెండోది. ఆరో బిళ్ల తిరిగేదాకా నా చెయ్యి ఆగలేదు.

"అమ్మమ్మా!" అంది మనవరాలు గోడ దగ్గర నుంచి.

వదిన నోరు తెరిచి నన్ను చూసింది. నేనూ నోరు తెరిచే ఉన్నాను. ఒక్క క్షణం తరవాత ప్రెస్సు ఆయన భార్య చాప మీద వెనక్కి పడి నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. "అత్తా, నా ఆరుగురికి పెద్దమ్మ బదులు తీర్చింది! అయ్యో, నా కడుపు!"

"ఎంతసేపైంది పెద్దమ్మా?" అన్నాడు ప్రెస్సు ఆయన.

నేను నోట్‌బుక్‌ చూసుకున్నాను. మొదలైన వేళ ఉంది, నాలుగూ అయిదు. ముగిసిన వేళ దగ్గర ఖాళీ. ఎప్పుడు ముగిసిందో చూడలేదు. అది నా చేతి పుస్తకమేనా అని అట్ట తిప్పి చూశాను.

"సరే తీ" అన్నాడు ఆయన. గుమ్మంలో ఉన్న పక్కింటివాళ్లను లెక్కపెట్టాడు. అప్పటికి అయిదుగురయ్యారు. ఒకావిడ అప్పుడే తన వంతు అడుగుతోంది. ఆయన భార్య వైపు చూశాడు.

"అచ్చెయ్యి" అంది ఆమె, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గా కుదువ బర్రె రూలు పెద్ద అక్షరాలల్ల పెట్టు. మొదటి పెట్టె నాకు."

అయిదు వందలు కాదు, మూడు వందలు వేస్తానన్నాడు. అవి అమ్ముడుపోతే మిగతావి. మనవరాలు తల ఊపింది. అరచేతి మీద రాసుకున్న నియమం చెమటకు చెదిరిపోతే, ఆయన భార్యనే మళ్లీ చెప్పమని అడిగి కాగితం మీద రాసుకుంది. కోచింగ్‌ సెంటర్‌కు ఆ సాయంత్రమే, మెట్ల మీద నిలబడి, ఫోనులో రానని చెప్పేసింది. సోమవారం దాకా ఆగలేదు.

వచ్చేటప్పుడు మెట్రో ఎక్కాం. వదిన నా పక్కనే కూర్చుంది గానీ కిటికీ వైపు తిరిగింది. విక్టోరియా మెమోరియల్‌ దాటింది, చైతన్యపురి దాటింది. మనవరాలు ఎదురు సీటులో కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక, మెట్లు సగం దిగి వదిన ఆగింది.

"పదకొండు సార్లు చెప్పినవ్‌ వదినె. నేను గుడ లెక్క పెట్టిన."

"గెలవాలనిపించింది వదినా" అన్నాను. ఆమె మాటే నా నోట వచ్చింది.

"అనిపిస్తది" అంది ఆమె. "రేపటి సంది పాల పాకెట్లు నువ్వే తెచ్చుకో."

హాస్యమనుకున్నాను. మర్నాడు ఉదయం ఆరింటికి తలుపు తీశాను. ఆమె గుమ్మంలో రెండు పాకెట్లు ఉన్నాయి. మా గుమ్మంలో లేవు.